మన ఊళ్ళ కథలు: గుర్రం కాపలా కాసిన కొండ



పుంగనూరు నుంచి ఆరో తరగతి చదివే ఒక అబ్బాయి ఉత్తరం రాశాడు. "మాష్టారూ! మా చరిత్ర పుస్తకంలో హంపీ ఉన్నది, గోలకొండ ఉన్నది, ఢిల్లీ ఉన్నది. మా పక్క ఊరు ఒక్కటీ లేదు. మా పక్క చరిత్ర జరగలేదా?" అని అడిగాడు. అబ్బాయికి కాస్త కోపం వచ్చినట్టున్నది. కోపం వచ్చేటంతగా ఆలోచించాడు గనక నాకు సంతోషమే కలిగింది.

దీనికి జవాబుగా పెద్ద పట్నాన్ని చూపిస్తే అది దొంగాట అవుతుంది. అందుకని ఈ నెల ఒక చిన్న ఊరికి పోదాం. మదనపల్లె వాళ్ళకూ పుంగనూరు వాళ్ళకూ అది ఒక్కపూట ప్రయాణం. కుప్పం వాళ్ళు మాత్రం చద్ది కట్టుకుని తెల్లవారుజామునే బయలుదేరాలి. ఊరి పేరు గుర్రంకొండ.

పోయేముందు ఒక పని చెయ్యండి. నోటుపుస్తకంలో ఒక పేజీ తెరిచి నిలువుగా రెండు గీతలు గీయండి. మూడు గళ్ళు వస్తాయి. మొదటి గడి మీద "విన్నది" అనీ, రెండోదాని మీద "చదివినది" అనీ, మూడోదాని మీద "చూసినది" అనీ రాసుకోండి. ఒక గడిలో ఉండవలసినది ఇంకో గడిలోకి జారకుండా చూసుకోవాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. పెద్దవాళ్ళు కూడా తరచు జార్చేస్తుంటారు.

మదనపల్లెలో రాయచోటి మీదుగా కడపకు పోయే బస్సు ఎక్కితే దోవలోనే గుర్రంకొండ తగులుతుంది. ఊరికన్న ముందు కొండ కనిపిస్తుంది. చుట్టూ చేలు, చెరువులు, మధ్య ఒంటరిగా లేచి నిలబడిన రాతికొండ. ఎత్తు సుమారు 500 అడుగులు. ఎత్తులో హార్స్‌లీ కొండ ముందు ఇది పిల్లే. కాని దీని గొప్ప ఎత్తులో లేదు. మూడు పక్కల కొండ గోడలాగా నిటారుగా ఉంటుంది. కాలు పెట్టటానికి సందు దొరకదు. నాలుగో పక్క మాత్రమే ఎక్కటానికి వీలున్నది. ఆ ఒక్క పక్కనే వరుస మీద వరుసగా కోటగోడలు కట్టారు.

కొండ ఇట్లా నిటారుగా ఎందుకున్నదో మొదట తెలుసుకోవాలి. ఇది విజ్ఞానశాస్త్రం పేజీలో రావలసిన సంగతి, కాని కొండ తెలియందే కోట తెలియదు. మన సీమలోని నల్లరాతి కొండలు చాలా ముసలివి. రమారమి 250 కోట్ల సంవత్సరాల క్రితం భూమి లోపల చాలా లోతున కరిగిన రాయి నెమ్మదిగా చల్లారి గట్టిపడింది. దానిపైన ఉన్న నేల కోట్ల ఏళ్ళపాటు వానకూ గాలికీ అరిగి కొట్టుకుపోయింది. నెత్తిమీది బరువు తగ్గేసరికి లోపలి రాయి ఉబ్బి, పైభాగం ఉల్లిపాయ పొరల్లాగా పగిలింది. పొరలు ఒక్కొక్కటే ఊడి జారిపోయాయి. పగుళ్ళు ఎక్కువ ఉన్నచోట రాయి ముక్కలై పోయింది, పగుళ్ళు లేనిచోట గుండులాగా మిగిలింది. మిగిలిన గుండే మన కొండ. ఇటువంటి కొండలమీద అక్కడక్కడ రాతిలో గుంటలు పడి వాననీరు నిలుస్తుంది. వాటిని దొనలు అంటారు. కొండమీద కోట కట్టేవాడు మొదట వెతికేది దొననే. గోడ ఎంత గట్టిదయినా, లోపలివాళ్ళకు నీళ్ళు లేకపోతే కోట నాలుగు రోజులు కూడా నిలవదు.

ఇప్పుడు మొదటి గడికి వద్దాం. ఈ ఊరికి ఆ పేరు ఎట్లా వచ్చింది?

పూర్వం ఈ కోటకు ఒక గుర్రం కాపలా ఉండేదట. ఆ గుర్రం కొండమీద ఉన్నంతకాలం ఎవరు దండెత్తి వచ్చినా కోట చిక్కేది కాదట. మరాఠాల సేనలో ఒక గుండెలు తీసిన మొనగాడున్నాడు. అతడు చీకట్లో ఇనుప మేకులు రాతిలో దిగగొట్టుకుంటూ, వాటిమీద కాళ్ళు పెట్టుకుంటూ, నిటారుగా ఉన్న పక్కనుంచి కొండ ఎక్కాడు. గుర్రాన్ని పట్టుకున్నాడు. ఎక్కటమే కష్టమనుకుంటే, గుర్రంతో సహా దిగాడు! ఎట్లా దిగాడని అడగకండి, కథ చెప్పేవాళ్ళు కూడా అక్కడ కాస్త తొందరపడి ముందుకు పోతారు. తమ దండు చేరకముందే కోటవాళ్ళు అతన్ని పట్టుకుని రెండు చేతులూ నరికేశారు. కాని గుర్రం కొండ దిగటంతో దాని మహిమ పోయింది. మరాఠాలు మళ్ళీ వచ్చి ముట్టడి వేసేసరికి కోట పడిపోయింది.

దీన్ని "విన్నది" గడిలో రాయాలి. మహిమగల గుర్రం నిజమా అంటే, మనం నమ్మనక్కరలేదు. అట్లాగని కథను అవతల పారెయ్యకూడదు. కథలో దొంగ ఎటునుంచి ఎక్కాడు? గోడలున్న పక్కనుంచి కాదు, గోడ అక్కరలేదని వదిలేసిన పక్కనుంచి. కాపలావాళ్ళు అందరూ కళ్ళు తెరుచుకుని చూసేది గోడల వైపే గదా! కథ కట్టినవాడు కొండను బాగా చూసి కట్టాడు. మరాఠాలు ఈ కోటమీదికి వచ్చిన మాట కూడా నిజమే. అందుకు కాగితాలున్నాయి. అవి రెండో గడిలోకి వస్తాయి.

గుర్రంకొండ ఒకప్పుడు గోలకొండ సుల్తానుల కింద ఒక సీమకు ముఖ్యస్థలం. తరవాత కడప నవాబుల పాలన వచ్చింది. ఆ తరవాత మైసూరు నేలిన హైదరాలీ చేతికి వచ్చింది. ఈ ఊరికోసం అంతమంది ఎందుకు పోట్లాడారంటారా? మైసూరు పీఠభూమికీ, కడప సీమకూ నడుమ ఈ కొండ కావలివాడిలాగా నిలబడి ఉన్నది. కోట ఎవరిదయితే చుట్టుపక్కల పల్లెలన్నిటి శిస్తూ వాళ్ళదే. కొండమీద జెండా మారిందంటే కింద ధాన్యం కొలిచే గాదె మారిందన్న మాట.

ఒక లెక్క చేద్దాం. 1765లో ఈ ఊళ్ళో ఒక రైతు ఇంట పిల్లవాడు పుట్టాడనుకోండి. పేరు మీరే పెట్టుకోండి. కాగితాలలో అటువంటివాళ్ళ పేర్లు రాయలేదు.

వాడు నడక నేర్చేవేళకు, 1766-67లో, మరాఠాలు దండెత్తి వచ్చారు. హైదరాలీ బావమరిది మీర్ సాహెబు వాళ్ళ పక్షం చేరాడు. వాడికి మూడేళ్ళు వచ్చేసరికి, 1768లో, మీర్ సాహెబు మళ్ళీ బావగారి పక్షానికి వచ్చేశాడు. ఆయనతోపాటు కోటా వచ్చింది. వాడికి ఆరేళ్ళప్పుడు, 1771లో, మరాఠా సేనాని త్రయంబకరావు ముట్టడి వేసి కోట పట్టుకున్నాడు. వాడికి ఎనిమిదేళ్ళు వచ్చేసరికి, 1773 ప్రాంతంలో, హైదరు కొడుకు టిప్పు వచ్చి తిరిగి తీసుకున్నాడు. అంటే మీరు మూడో తరగతికి వచ్చే వయసుకు వాడు నాలుగుసార్లు దొరలు మారటం చూశాడు. ప్రతిసారీ దండు వచ్చింది. దండు వస్తే చేలో పైరు గుర్రాలకు మేత, గడ్డివాము ఏనుగులకు మేత, ఇంట్లో గింజలు సిపాయిలకు మేత. తరవాత వచ్చిన కొత్త దొర, పాతవాడికి కట్టిన శిస్తు నాకు చెల్లదంటే అడిగే దిక్కులేదు.

టిప్పు సుల్తాను ఈ ఊరికి జఫరాబాద్ అని కొత్తపేరు పెట్టి, ఇక్కడి టంకశాలలో ఆ పేరుతోనే నాణాలు కొట్టించాడు. జఫర్ అంటే విజయం. ఆ పేరు ఇప్పుడు నాణాలు సేకరించేవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. సుల్తాను ముద్ర వేయించిన పేరు పోయింది, ముసలమ్మలు కథ చెప్పుకున్న పేరు నిలిచింది. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి.

మన పిల్లవాడికి 26 ఏళ్ళు వచ్చాయి. 1791లో ఇంగ్లీషువాళ్ళు, హైదరాబాదు నిజాము, మరాఠాలు కలిసి టిప్పుమీద యుద్ధం చేస్తున్నారు. నిజాము సేన గుర్రంకొండను చుట్టుముట్టింది. ఇంగ్లీషు కెప్టెన్ రీడ్ ఫిరంగులతో సాయం వచ్చాడు. కింది కోట నవంబరులో పడింది. పై కోట లొంగలేదు. వచ్చేనెలలోనే టిప్పు పెద్దకొడుకు ఫతే హైదర్ హఠాత్తుగా వచ్చి మీదపడ్డాడు. నిజాము సేనాని హాఫిజ్ ఫరీదుద్దీన్ ఆ పోరులో చచ్చిపోయాడు. ఇంతా జరిగి, పై కోటను ఫిరంగులు గెలవలేకపోయాయి, కాగితం గెలిచింది. 1792లో శ్రీరంగపట్నం సంధిలో టిప్పు తన రాజ్యంలో సగం వదులుకోవలసివచ్చినప్పుడు గుర్రంకొండ నిజాముకు పోయింది. 1799లో టిప్పు మరణించిన తరవాత మీర్ సాహెబు కొడుకు కమరుద్దీన్‌ఖానుకు దీన్ని జాగీరుగా ఇచ్చారు. మరుసటి ఏడే, 1800లో, నిజాము ఈ సీమనంతా ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాడు. అప్పటినుంచి వీటికి దత్తమండలాలని పేరు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉండి, పొలం పొలానికీ కొలత వేయించి, ఏ రైతు ఎంత కట్టాలో రాయించాడు.

మన పిల్లవాడు ఇప్పుడు 35 ఏళ్ళవాడు. దొరలు ఎన్నిసార్లు మారారో మీరే పైనుంచి లెక్కపెట్టి చూసుకోండి. ఒక్కసారైనా వాడిని ఎవరూ అడగలేదు.

ఇక్కడ ఒక చిన్న విశేషం చెప్పాలి. ఇంగ్లండులో ఎంత చిన్న పల్లె చరిత్ర రాసేవాడైనా సాధారణంగా 1086 నుంచి మొదలుపెడతాడు. ఆ ఏడు విలియం అనే రాజు తన రాజ్యంలో ఏ ఊళ్ళో ఎన్ని నాగళ్ళున్నాయి, ఎన్ని మరలున్నాయి, ఎంత అడవి ఉన్నది అని వాకబు చేయించి పుస్తకం రాయించాడు. సుమారు 13,000 ఊళ్ళ పేర్లు అందులో ఉన్నాయి. మనకు అంతటి పాత పుస్తకం లేకపోయినా, దానికన్న రుచిగలది ఒకటున్నది. స్కాట్లండు దేశస్థుడు కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి, కావలి సోదరులైన బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామిగార్ల సాయంతో, ఊరూరా కరణాలనూ పెద్దలనూ అడిగించి ఆ ఊళ్ళ కథలు రాయించాడు. వాటిని కైఫీయత్తులు అంటారు. 1821లో మెకంజీ చనిపోయాడు. తరవాత సి. పి. బ్రౌను దొర వాటిని శ్రద్ధగా నకళ్ళు రాయించాడు. కడపలో బ్రౌను పేర ఉన్న గ్రంథాలయం కడప సీమ కైఫీయత్తులను సంపుటాలుగా అచ్చు వేసింది. ఇంగ్లీషు పుస్తకంలో నాగళ్ళ లెక్క ఉంటే, మన కైఫీయత్తులలో ఆ చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎప్పుడు కట్టారు, ఊరికి ఆ పేరు ఎందుకు వచ్చింది అన్నీ ఉంటాయి. విన్నదీ చదివినదీ వాటిలో కలగలిసి పోయి ఉంటాయి. మన మూడు గళ్ళ పద్ధతి అక్కడ చాలా అక్కరకు వస్తుంది. మీ నాన్నగారు కడపకు పోతే ఒకసారి ఆ సంపుటాలు చూసి రమ్మనండి.

సరే, ఇక కొండ దిగువకు వచ్చి కళ్ళతో చూద్దాం. కొండ నీడలోనే ఒక మేడ ఉన్నది. దీన్ని రంగీన్ మహల్ అంటారు. వెనక బోసిరాయి, ముందు కమానుల మేడ, చూడటానికి చక్కగా ఉంటుంది. దీన్ని పురావస్తుశాఖవారు కాపాడుతున్నారు. ఇంకోచోట గుమ్మటంతో ఒక మక్బరా, అంటే సమాధి, ఉన్నది. టిప్పు సుల్తాను మేనమామ మీర్ రజా అలీఖాను సమాధి అని చెబుతారు. ఇంతకుముందు పక్షాలు మారిన మీర్ సాహెబు అని చెప్పుకున్నామే, ఆయనే. సమాధి కట్టడం మూడో గడిలో రాయండి. ఎవరిదని చెబుతారో అది మొదటి గడిలో రాయండి. రెండూ ఒకటి కాదు.

గుర్రంకొండనుంచి వెంటనే తిరుగు బస్సు ఎక్కవద్దు. ఈ మండలంలోనే తరిగొండ అనే పల్లె ఉన్నది. కోట లేదు, ఫిరంగి లేదు, లక్ష్మీనరసింహస్వామి గుడి ఉన్నది. తరి అంటే పెరుగు చిలకటం. ఒక ఇల్లాలు కుండలో పెరుగు చిలుకుతుంటే కవ్వానికి ఏదో అడ్డు తగిలిందట. తీసి చూస్తే స్వామి. తరికుండ కాస్తా తరిగొండ అయిందని చెబుతారు. గుర్రం కథ ఏ గడిలో రాశారో దీన్నీ అక్కడే రాయండి.

ఈ పల్లెలో 1730లో వెంగమాంబ పుట్టింది. చిన్నప్పుడే పెళ్ళి చేశారు, చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆ రోజులలో అటువంటి పిల్ల జుట్టు తీయించుకుని వంటింటి మూలన కూర్చోవలసిందే. ఆమె ఒప్పుకోలేదు. మదనపల్లెలో సుబ్రహ్మణ్యయ్యగారనే గురువును ఆశ్రయించి యోగమార్గం తెలుసుకున్నది. పద్యాలూ, యక్షగానాలూ, ద్విపద కావ్యాలూ రాసింది. తనకు చిన్నప్పుడు ఎవరూ ఓనమాలైనా దిద్దించలేదని ఆమె తానే చెప్పుకున్నది. ఊళ్ళో కొందరు ఆమెను చాలా సాధించారు. చివరకు ఆమె పుట్టిన ఊరు విడిచి తిరుమల చేరింది. వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం మొదలైనవి రాసి, 1817లో అక్కడే కన్నుమూసింది. ఊరు విడిచినా, ఊరి నరసింహస్వామిని మాత్రం పద్యాలలో విడవలేదు. ఇవాళ కూడా తిరుమలలో రాత్రి స్వామికి పవళింపుసేవ జరిగేటప్పుడు తరిగొండవారి హారతి ఇస్తారు. అక్కడ యాత్రికులు అన్నం తినే పెద్ద భవనానికి కూడా ఆమె పేరే పెట్టారు.

ఇప్పుడు మన లెక్క పక్కన ఇంకో లెక్క రాయండి. మరాఠాలు వచ్చిన 1766లో ఆమెకు 36 ఏళ్ళు. త్రయంబకరావు ముట్టడినాటికి 41. టిప్పు వచ్చేసరికి 43. నిజాముకు కోట పోయిననాటికి 62. కంపెనీ వచ్చేసరికి 70. ఇన్ని దండులు నడిచిన సీమలో, ఇంతమంది శిస్తులు వసూలుచేసిన కాలంలో, బడికి పోని ఒక స్త్రీ కూర్చుని కావ్యాలు రాసింది. చరిత్ర పుస్తకం ముట్టడుల తేదీలు చెబుతుంది, సాహిత్య చరిత్ర కావ్యాల పేర్లు చెబుతుంది. రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చదివితే తప్ప అవి రెండూ ఇరుగుపొరుగు ఊళ్ళ సంగతులని తెలియదు.

ఆ తరవాతి కాలాన్ని గురించి చెప్పవలసింది కొద్దే. గుర్రంకొండ కడప జిల్లాలో చాలాకాలం ఉన్నది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డప్పుడు వాయల్పాడు తాలూకాతోపాటు చిత్తూరులోకి వచ్చింది. 2022లో అన్నమయ్య జిల్లాలోకి పోయింది. కొండ మాత్రం ఉన్నచోటనే ఉన్నది. కోటకోసం ఇప్పుడు ఎవరూ రారు. మదనపల్లె పక్కకు లారీలు వచ్చేది టమాటాలకోసం. 1766లో రైతు ఆకాశంవైపు చూసి, కొండమీది జెండావైపు చూసి బెంగపడేవాడు. ఇవాళ్టి రైతు ఆకాశంవైపు చూసి, మండీలో పాడే ధరవైపు చూసి బెంగపడుతున్నాడు.

చివరకు, కోటలకు ఇప్పుడొచ్చిన కొత్త శత్రువుల సంగతి చెప్పాలి. వాళ్ళు రెండు రకాలు. ఒకరు గోడలమీద తమ పేరూ, నేస్తం పేరూ చెక్కేవాళ్ళు. రెండోవారు గుప్తనిధులు ఉన్నాయని రాత్రిపూట వచ్చి తవ్వేవాళ్ళు. మన సీమ కోటలలో, పాత గుళ్ళలో ఈ తవ్వకాల పీడ చాలా ఉన్నది. కాస్త ఆలోచించండి. అన్నిసార్లు చేతులు మారిన కోటలో, వచ్చిన ప్రతివాడూ మూలమూలా వెతికి ఉండడా? మన వంతుకు ఏం మిగులుతుంది? తవ్వినవాడికి దొరికేది మట్టి. పోయేది మాత్రం మూడో గడి. రాయి పెకలించిన తరవాత ఎవరు వచ్చి చూసినా, ఆ గోడ ఎట్లా ఉండేదో చెప్పలేరు. మీకు ఎక్కడైనా కొత్తగా తవ్విన గుంట కనిపిస్తే అందులోకి దిగకండి. ఇంటికి వచ్చి పెద్దవాళ్ళతో చెప్పండి. వాళ్ళు గ్రామ అధికారితోనో పోలీసులతోనో చెబుతారు.

పుంగనూరు అబ్బాయీ, నీకు ఒక పని. మీ ఊళ్ళోనే జమీందారుల పాత భవనం ఉన్నది. మీ ఊరి పేరుగల పొట్టి ఆవు దేశమంతా ప్రసిద్ధి. ఈ రెంటిలో ఒకటి తీసుకుని మూడు గళ్ళూ నింపి పంపించు. కుప్పం పిల్లలకు కంగుంది కొండా, కోటా ఉన్నాయి. మదనపల్లె పిల్లలు ఏది ఎంచుకున్నా సరే, తమ వీధి పేరయినా సరే. మీ ఇంట్లో అందరికన్న పెద్దవాళ్ళను అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయండి, మీరు సరిదిద్దవద్దు. ఏ సంగతి ఎవరు చెప్పారో పక్కన వేసుకోండి. నెల ఇరవయ్యో తేదీలోగా మాకు అందాలి. పేరూ, తరగతీ, ఊరూ స్పష్టంగా రాయటం మరవకండి.